ఒకే ఇంట్లో వరుసగా గుండె మరణాలా? అది శాపం కాదు.. జీన్ టెస్ట్ ఎవరు చేయించుకోవాలి? ఆ తర్వాత ఏం చేయాలి?

నెమలి (తిరువూరు): "వాళ్ల నాన్న కూడా ఇలాగే పోయాడంట.. అప్పుడు ఆయనకీ నలభై నిండలేదు." చావు జరిగిన ఇంటి ముందు ఈ మాట వినని ఊరు ఉండదు. ఎవరో ఒకరు తలరాత అంటారు. ఇంకొకరు ఆ ఇంటికేదో దోషం ఉందంటారు. పదకొండో రోజు అయిపోయాక ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు. కానీ ఆ ఇంట్లో మిగిలిన పిల్లల గుండె ఎలా ఉందో ఎవరూ చూపించరు.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. చిన్న వయసులో జరిగే గుండె మరణాల్లో కొన్నింటికి కారణం గుండె కండరానికి వచ్చే వంశపారంపర్య జబ్బు. డాక్టర్లు దీన్నే కార్డియోమయోపతీ అంటారు. ఇది రక్తసంబంధం ద్వారా వస్తుంది. ముందే కనిపెడితే చాలావరకు అదుపులో పెట్టుకోవచ్చు. కనిపెట్టడానికి ఈసీజీ, ఎకో ఉన్నాయి. ఇప్పుడు జీన్ టెస్ట్ కూడా ఉంది. పైగా ఈ జబ్బుకు సంబంధించి ప్రపంచమంతా మాట్లాడుకున్న ఓ పరిశోధన మన హైదరాబాద్‌లోనే జరిగింది.

అసలు ఏంటీ జబ్బు? జీన్ టెస్ట్ అందరికీ అవసరమా? రిపోర్ట్ వస్తే ఏం చేయాలి? పెళ్లి సంబంధాలకు, ఇన్సూరెన్స్‌కు ఇబ్బందా? ఒక్కొక్కటిగా చూద్దాం.

గుండెపోటు వేరు.. ఇది వేరు

చిన్న వయసులో ఎవరు కుప్పకూలినా మనం వాడే మాట ఒక్కటే.. గుండెపోటు. కానీ రెండూ ఒకటి కాదు.

పొలంలో బోరు మోటారునే తీసుకోండి. పైపులో పూడిక పడితే నీళ్లు ఆగిపోతాయి. గుండెపోటు అలాంటిది. గుండెకు రక్తం తెచ్చే నాళంలో అడ్డు పడటం వల్ల వస్తుంది. పైపులు శుభ్రంగానే ఉన్నాయి, కానీ మోటారు తయారీలోనే తేడా ఉంటే? అది కార్డియోమయోపతీ. గుండె కండరం కట్టుబడిలోనే లోపం అన్నమాట. అలాంటి కండరంలో కరెంటు కూడా సరిగ్గా పారదు. ఒక్కోసారి గుండె లయ తప్పి, కొట్టుకోవడం మానేసి వణుకుతుంది. దీన్నే కార్డియాక్ అరెస్ట్ అంటారు. మనిషి ఉన్నచోటే కూలిపోతాడు.

అందుకే యాంజియోగ్రామ్‌లో "బ్లాకులు ఏమీ లేవు" అని చెప్పినంత మాత్రాన గుండెకు అంతా బాగున్నట్టు కాదు. నాళాలు బాగున్నా కండరం బాగోలేకపోవచ్చు.

ప్రధానంగా మూడు రకాలు

మొదటిది హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ. పొట్టిగా హెచ్‌సీఎం. ఇందులో గుండె గోడ మందం పెరుగుతుంది. పెద్దవాళ్లలో ఎడమ గది గోడ సాధారణంగా 12 మిల్లీమీటర్లు దాటదు. బీపీ లాంటి వేరే కారణం లేకుండా 15 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉంటే డాక్టర్లు ఈ జబ్బును అనుమానిస్తారు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 500 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. అంటే మనం అనుకున్నంత అరుదు కాదు.

రెండోది డైలేటెడ్ కార్డియోమయోపతీ, డీసీఎం. ఇందులో గుండె గది సాగిపోయి, పెద్దదై, పంపింగ్ తగ్గిపోతుంది. ఆయాసం, కాళ్ల వాపులు, రాత్రి పడుకుంటే ఊపిరాడకపోవడం దీని లక్షణాలు. మద్యం, వైరస్ ఇన్ఫెక్షన్లు, కాన్పు సమయంలో వచ్చే ఇబ్బందుల వల్ల కూడా ఇది రావచ్చు. అయితే చాలా కుటుంబాల్లో అసలు మూలం జీన్‌లోనే ఉంటుంది. "తాగుతాడు కాబట్టే వచ్చింది" అని తేల్చేసి పిల్లల్ని పరీక్షించకుండా వదిలేయడం పెద్ద పొరపాటు.

మూడోది అరిథ్మోజెనిక్ కార్డియోమయోపతీ. కండరం ఉండాల్సిన చోట కొవ్వు, మచ్చలాంటి కణజాలం చేరతాయి. గుండె లయ తప్పే ముప్పు ఇందులో ఎక్కువ. బాగా శ్రమపడే ఆటలు ఆడితే ఈ రకం మరింత ముదురుతుంది.

ఇంట్లో ఎవరెవరికి వస్తుంది?

ఒక ఉదాహరణ అనుకుందాం. నెమలిలో ఓ కుటుంబం. తండ్రి 38 ఏళ్లకే మిరప చేలో పనిచేస్తూ కూలిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. పోస్ట్‌మార్టం జరగలేదు. కాగితంలో గుండెపోటు అని రాశారు. ఆయనకు భార్య, ఇద్దరు పిల్లలు. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, కబడ్డీ ఆడతాడు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు. చనిపోయినాయనకు ఓ తమ్ముడు, ఓ చెల్లెలు ఉన్నారు.

ఆయనది హెచ్‌సీఎం అయి ఉంటే లెక్క ఎలా ఉంటుందో చూడండి. ప్రతి జీన్ మనకు రెండు కాపీలు ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఈ జబ్బుల్లో ఎక్కువ వాటికి ఒక్క కాపీలో లోపం ఉన్నా చాలు. అంటే కొడుక్కి వచ్చే అవకాశం 50 శాతం. కూతురికి కూడా 50 శాతమే. ఆడపిల్ల కదా, రాదులే అనుకోవడానికి లేదు. "కొడుక్కి వచ్చింది కాబట్టి కూతురు తప్పించుకున్నట్టే" అనే లెక్క కూడా తప్పు. ప్రతి బిడ్డకూ బొమ్మాబొరుసూ మళ్లీ మొదటి నుంచే.

చనిపోయినాయన తమ్ముడికీ, చెల్లెలికీ కూడా అంతే అవకాశం. వాళ్లలో ఎవరికైనా ఉంటే వాళ్ల పిల్లలకూ ఉండొచ్చు.

ఇక్కడ మేనరికం మాట కూడా వస్తుంది. మన దగ్గర మేనమామ కూతుర్నో, మేనత్త కొడుకునో చేసుకోవడం మామూలే. ఒక్క కాపీతో వచ్చే జబ్బుకు మేనరికంతో పనిలేదు, బయటి సంబంధం చేసుకున్నా వస్తుంది. కానీ భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే తాత నుంచి వచ్చిన ఒకే లోపం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు కాపీలూ లోపంతో వచ్చే అవకాశం 25 శాతం. రెండూ చెడితే జబ్బు చిన్నతనంలోనే, తీవ్రంగా రావచ్చు.

హైదరాబాద్‌లో దొరికిన ఆ 25 అక్షరాలు

ఇప్పుడు అసలు కథకు వద్దాం. గుండె కండరాన్ని కట్టే ప్రొటీన్లలో ఒకదాని పేరు మయోసిన్ బైండింగ్ ప్రొటీన్ సీ. దాన్ని తయారు చేయించే జీన్ పేరు ఎంవైబీపీసీ3. ఇది మన 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఈ జీన్‌లో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయిన మార్పు కొందరు భారతీయుల్లో కనిపించింది.

ఆ 25 అక్షరాలు పోతే ఏమవుతుంది? ఫోన్‌లో వీడియో ఎడిట్ చేసేవాళ్లకు ఇది ఈజీగా అర్థమవుతుంది. పోయిన ముక్క అసలు షాట్‌లోది కాదు. ఎక్కడ కట్ చేయాలో చెప్పే మార్క్ దగ్గరిది. మార్క్ పోవడంతో మంచి షాట్ ఒకటి మొత్తంగా ఎగిరిపోతుంది. అలా తయారయ్యే ప్రొటీన్ చివర్లో తేడాగా ఉంటుంది, కండరంలో సరిగ్గా అతుక్కోదు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్ బృందం, మరికొన్ని సంస్థలతో కలిసి దీనిపై చేసిన అధ్యయనం 2009లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వచ్చింది. గుండె కండరం జబ్బున్నవాళ్లనూ, ఆరోగ్యంగా ఉన్నవాళ్లనూ పోల్చి చూశారు. ఈ మార్పు ఉన్నవాళ్లకు ముప్పు దాదాపు 7 రెట్లు ఎక్కువని ఆ రోజు లెక్క తేలింది. దేశం నలుమూలల నుంచి వేల మంది నమూనాలు పరీక్షిస్తే సుమారు 4 శాతం మందిలో ఈ మార్పు కనిపించింది.

4 శాతం అంటే చిన్న సంఖ్య కాదు. నెమలి వేణుగోపాలస్వామి గుడి దగ్గర వెయ్యి మంది చేరారనుకోండి, సగటు లెక్కన వాళ్లలో 40 మందికి ఉండొచ్చు. నిజానికి ఇది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ప్రాంతాన్ని బట్టి, సమూహాన్ని బట్టి మారుతుంది.

ఇంత ప్రమాదకరమైన మార్పు అంతమందికి ఎలా పాకింది? పరిశోధకులు చెప్పిన కారణం ఇదీ. చిన్న వయసులో తేడా ప్రొటీన్‌ను శరీరం ఎప్పటికప్పుడు తీసేసుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గి, అది పేరుకుపోయి ఇబ్బంది పెడుతుంది. అప్పటికే పెళ్లయి, పిల్లలు పుట్టేసి ఉంటారు. అలా వేల ఏళ్లుగా తరం నుంచి తరానికి చేరిపోయింది.

అంటే వందలో నలుగురికి జబ్బు ఖాయమా? కానే కాదు

ఇక్కడే చాలామంది కంగారు పడతారు. సోషల్ మీడియాలో "భారతీయుల గుండెల్లో టైమ్ బాంబ్" టైపు పోస్టులు ఇప్పటికీ తిరుగుతుంటాయి. అయితే 2009తో కథ ముగియలేదు.

2018లో అమెరికాలోని దక్షిణాసియా మూలాలున్న వాళ్లపై ఓ అధ్యయనం వచ్చింది. 25 అక్షరాలు పోయినవాళ్లలో కొందరికి అదే జీన్‌లో ఇంకో మార్పు కూడా తోడుగా ఉందని, వాళ్ల గుండె అవసరానికి మించి గట్టిగా ముడుచుకుంటోందని అందులో తేలింది. 2020లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా స్పష్టంగా చెప్పింది. హెచ్‌సీఎం రోగుల్లో ఈ 25 అక్షరాల లోపం పక్కనే అసలు దోషి వేరేది ఉంది. కొన్ని కుటుంబాల్లో రెండూ కలిసి వస్తున్నాయి. ఆ రెండోది లేకుండా కేవలం 25 అక్షరాలు మాత్రమే పోయినవాళ్లకు హెచ్‌సీఎం ముప్పు పెద్దగా పెరగడం లేదు.

ఊళ్లో భాషలో చెప్పాలంటే, దొంగతనం జరిగిన చోట ప్రతిసారీ కనిపించిన మనిషి అసలు దొంగ కాకపోవచ్చు. దొంగతో కలిసి తిరిగేవాడు కావొచ్చు.

దీని వల్ల మనకు తెలియాల్సింది ఏంటంటే.. రిపోర్ట్‌లో ఆ ఒక్క మార్పు కనిపించిందని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకోవాల్సిన పనిలేదు. అలాగని రిపోర్ట్‌ను పక్కన పడేయకూడదు. తోడుగా ఇంకేమైనా ఉందా, ఎకోలో గుండె ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా జబ్బుందా.. ఈ మూడూ కలిపి డాక్టర్ చూడాలి.

మన దగ్గర ఇదొక్కటే జీన్ అనుకోవద్దు. హెచ్‌సీఎంలో ఎంవైబీపీసీ3తో పాటు ఎంవైహెచ్7 అనే జీన్ ముఖ్యమైనది. హెచ్‌సీఎంకు కారణమని ప్రపంచంలో మొదట బయటపడ్డ జీన్ అదే, 1990లో. డీసీఎంలో టీటీఎన్, ఎల్ఎంఎన్ఏ లాంటివి ఉన్నాయి. 2023లో సీసీఎంబీ బృందమే డీసీఎం ఉన్న భారతీయుల్లో ఎంవైహెచ్7 జీన్‌ను పరిశీలించి, అంతకుముందు ఎక్కడా నమోదు కాని 7 కొత్త మార్పులను గుర్తించింది. విదేశాల్లో తయారైన జాబితాలతోనే మన రోగుల రిపోర్టులు చదివితే సరిపోదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

జీన్ టెస్ట్ ముందు ఎవరికి చేయాలి?

చాలామంది చేసే తప్పు ఇక్కడే. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లాడిని తీసుకెళ్లి "వీడికి జీన్ టెస్ట్ చేయండి" అంటారు. పద్ధతి అది కాదు.

ముందు టెస్ట్ చేయాల్సింది జబ్బు ఉన్న మనిషికి. ఆ మనిషిలో ఏ అక్షరం తప్పిందో తెలిస్తే, మిగిలినవాళ్లలో సరిగ్గా ఆ ఒక్కచోటే వెతకొచ్చు. అప్పుడు టెస్ట్ సులువు, ఖర్చూ తక్కువ, జవాబు కూడా స్పష్టం. ఇలా ఒకరి నుంచి మొదలుపెట్టి తోబుట్టువులు, పిల్లలు, ఆ తర్వాత వాళ్ల పిల్లలు.. మెట్లు దిగినట్టు చేసే పరీక్షను కాస్కేడ్ స్క్రీనింగ్ అంటారు.

మరి మనం అనుకున్న నెమలి కుటుంబంలో ఆ మనిషి చనిపోయాడు కదా? అప్పుడు ముందుగా తమ్ముడికి, చెల్లెలికి, పిల్లలకు ఎకో, ఈసీజీ తీయాలి. వాళ్లలో ఎవరికైనా గుండె గోడ మందంగా కనిపిస్తే జీన్ టెస్ట్ అక్కడ మొదలవుతుంది. చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినప్పుడు పోస్ట్‌మార్టం చేయించి, రక్తం నమూనా దాచిపెడితే తర్వాతైనా జీన్ టెస్ట్ చేసే వీలుంటుంది. దుఃఖంలో ఉన్న ఇంటికి ఈ మాట చెప్పడం కష్టమే. కానీ మిగిలిన పిల్లల కోసం ఎవరో ఒకరు చెప్పాలి.

టెస్ట్‌లో నొప్పేమీ ఉండదు. మామూలు రక్త పరీక్షలాగే కాస్త రక్తం తీస్తారు. కొన్ని ల్యాబ్‌లు ఉమ్మి నమూనాతోనూ చేస్తాయి. గుండె కండరానికి సంబంధించిన చాలా జీన్లను ఒకేసారి చదువుతారు. రిపోర్ట్ రావడానికి కొన్ని వారాలు పడుతుంది.

రిపోర్ట్‌లో మూడు రకాల జవాబులు

ఒకటి, పాజిటివ్. జబ్బుకు కారణమైన మార్పు దొరికింది. ఇప్పుడు కుటుంబంలో మిగిలినవాళ్లకు టెస్ట్ చేయొచ్చు. ఆ మార్పు లేదని తేలినవాళ్లకు పెద్ద ఊరట. ఏళ్ల తరబడి ఎకోల కోసం తిరగాల్సిన పని ఉండదు. వాళ్ల పిల్లలకూ అది చేరదు.

రెండు, నెగెటివ్. దీన్ని చాలామంది "జబ్బు లేదు" అని చదువుతారు. తప్పు. జబ్బున్న మనిషికి టెస్ట్ నెగెటివ్ వస్తే, ఇప్పటిదాకా తెలిసిన జీన్లలో కారణం దొరకలేదని మాత్రమే అర్థం. హెచ్‌సీఎం రోగుల్లో చాలామందికి ఇలాగే వస్తుంది. అప్పుడు కుటుంబసభ్యులు ఎకో, ఈసీజీలు కొనసాగించాలి.

మూడు, అర్థం తేలని మార్పు. రిపోర్టుల్లో దీన్ని వీయూఎస్ అని రాస్తారు. తేడా కనిపించింది కానీ అది జబ్బు తెస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేని స్థితి. దీన్ని చూసి ఆపరేషన్లు చేయించుకోవడం, పిల్లల పెళ్లిళ్లు ఆపడం లాంటి నిర్ణయాలు తీసుకోకూడదు. కొత్త సమాచారం వచ్చాక కొన్నింటి అర్థం మారుతుంది. అందుకే రెండు మూడేళ్లకోసారి డాక్టర్‌ను మళ్లీ అడగాలి.

అందుకే టెస్ట్‌కు ముందూ, తర్వాతా జెనెటిక్ కౌన్సెలింగ్ తప్పనిసరిగా ఉండాలి. ల్యాబ్ నుంచి వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ చదివి ఇంట్లోనే తీర్పు చెప్పేసుకోవడం అస్సలు మంచిది కాదు.

జీన్ టెస్ట్ కుదరకపోతే?

ఫర్వాలేదు. ఎకో, ఈసీజీలే మొదటి కాపలా. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉందని తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు అందరూ ఒకసారి ఈ రెండూ చేయించుకోవాలి. ఒకసారి బాగుందని వదిలేయకూడదు. జబ్బు ఏ వయసులోనైనా బయటపడొచ్చు. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం పిల్లలకు, టీనేజీవాళ్లకు ఏడాది, రెండేళ్లకోసారి, పెద్దవాళ్లకు మూడు నుంచి ఐదేళ్లకోసారి మళ్లీ చూడాలి. అవసరాన్ని బట్టి డాక్టర్లు 24 గంటలు లయను రికార్డు చేసే హోల్టర్, గుండె ఎంఆర్ఐ కూడా రాస్తారు.

ఈ లక్షణాలుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. పరిగెత్తేటప్పుడు, బరువులెత్తేటప్పుడు కళ్లు తిరిగి పడిపోవడం. శ్రమపడితే ఛాతీ పట్టేయడం. తోటివాళ్లకు రాని ఆయాసం. ఉన్నట్టుండి గుండె దడ. పడిపోతే గాలి సోకిందనో, ఫిట్స్ అనో, ఎండదెబ్బ అనో.. ఛాతీ నొప్పి వస్తే గ్యాస్ అనో సరిపెట్టుకోవద్దు. ముఖ్యంగా ఆడుతూ ఆడుతూ పడిపోయిన పిల్లాడికి ఒక్క ఈసీజీ, ఒక్క ఎకో తప్పకుండా తీయించాలి.

నెమలి నుంచి ఎక్కడికి వెళ్లాలి?

గంపలగూడెం మండలంలోని నెమలి తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. ఇక్కడివాళ్లు వైద్యానికి అటు ఖమ్మం వైపు, ఇటు విజయవాడ వైపు వెళుతుంటారు. మొదటి మెట్టు తిరువూరు ప్రభుత్వాసుపత్రి. అక్కడ డాక్టర్‌కు కుటుంబ చరిత్ర చెప్పి ఈసీజీ తీయించుకోవాలి. ఎకో, కార్డియాలజిస్ట్ కోసం విజయవాడ. జీన్ టెస్ట్, కౌన్సెలింగ్ విషయానికొస్తే హైదరాబాద్‌లోని నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. పెద్ద ప్రైవేటు ల్యాబ్‌లకు విజయవాడ నుంచి కూడా నమూనా పంపొచ్చు. అయితే నమూనా పంపడం కంటే రిపోర్ట్ చదివి చెప్పే డాక్టర్ ఉండటం ముఖ్యం.

వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని ఒక పని చేయండి. తెల్లకాగితం మీద మూడు తరాల వంశవృక్షం గీయండి. ఎవరు ఏ వయసులో, ఎలా పోయారు? ఎవరికి ఆయాసం ఉండేది? ఎవరికి పేస్‌మేకర్ పెట్టారు? ఏ ఇంట్లో మేనరికం జరిగింది? నాన్నమ్మకు, మేనత్తకు గుర్తున్న ఈ వివరాలు డాక్టర్‌కు సగం పని తగ్గిస్తాయి. చనిపోయినవాళ్ల పాత ఎకో, ఈసీజీ కాగితాలు బీరువాలో ఉంటే అవీ పట్టుకెళ్లండి.

ఖర్చు సంగతి: ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద గుండె చికిత్సలు చాలా ఉన్నాయి. మీకు రాసిన చికిత్స అందులోకి వస్తుందో లేదో ఆసుపత్రిలోని హెల్ప్ డెస్క్‌లో ముందే అడిగి తెలుసుకోవాలి.

చికిత్స ఉందా?

ఉంది. లోపమున్న జీన్‌ను మార్చే చికిత్స ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది. కానీ జబ్బును అదుపులో పెట్టే మార్గాలు చాలానే ఉన్నాయి.

హెచ్‌సీఎంలో ముందుగా బీటా బ్లాకర్లు, వెరపమిల్ లాంటి మందులు వాడతారు. ఇవి గుండె వేగాన్ని, బిగింపును తగ్గిస్తాయి. మావకామ్టెన్ అనే కొత్త మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 ఏప్రిల్‌లో ఆమోదించింది. గుండె మరీ గట్టిగా ముడుచుకోవడాన్ని ఇది నేరుగా తగ్గిస్తుంది. పంపింగ్ పడిపోయే ప్రమాదం ఉండటంతో తరచూ ఎకోలు తీస్తూనే దీన్ని వాడాలి. మందంగా పెరిగిన గోడ రక్తం దారికి అడ్డం పడుతుంటే, ఆపరేషన్‌తో కొంత కండరం తీసేస్తారు. లేదంటే క్యాథెటర్ ద్వారా ఆల్కహాల్ పంపి ఆ భాగాన్ని పలుచన చేస్తారు.

డీసీఎంలో గుండె పంపింగ్‌ను నిలబెట్టే మందులు వేరే ఉన్నాయి. అవి ఏళ్ల తరబడి వాడాలి. "ఆయాసం తగ్గింది కదా" అని సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

లయ తప్పే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఐసీడీ అనే చిన్న యంత్రాన్ని చర్మం కింద అమరుస్తారు. గుండె వణకడం మొదలవగానే షాక్ ఇచ్చి మళ్లీ దారిలో పెడుతుంది. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుర్తుండే ఉంటాడు. 2021 జూన్‌లో యూరో కప్ మ్యాచ్ మధ్యలో కుప్పకూలాడు. మైదానంలోనే సీపీఆర్, షాక్ ఇచ్చి బతికించారు. ఐసీడీ పెట్టించుకుని 2022లో మళ్లీ బరిలోకి దిగాడు. అంతకు 18 ఏళ్ల ముందు, 2003లో కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫో 28 ఏళ్లకే మైదానంలో పడిపోయి చనిపోయాడు. ఆయన గుండెలో హెచ్‌సీఎం ఉన్నట్టు పోస్ట్‌మార్టంలోనే తెలిసింది.

పొలం పని, ఆటలు, కాన్పు

హెచ్‌సీఎం ఉన్నవాళ్లకు ఒంట్లో నీరు తగ్గడం మంచిది కాదు. రక్తం దారికి అడ్డు మరింత పెరుగుతుంది. మే నెల ఎండల్లో మామిడి కోతలకు, మిరప కళ్లాలకు వెళ్లేవాళ్లు నీళ్లు తాగుతూ, నీడలో ఆగుతూ పని చేసుకోవాలి. విరేచనాలు, వాంతులైతే అశ్రద్ధ చేయకూడదు. బీపీకి, ఛాతీ నొప్పికి వాడే కొన్ని మందులు కూడా ఈ జబ్బులో ఇబ్బంది పెడతాయి. అందుకే ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా "నాకు గుండె గోడ మందం ఉంది" అని ముందే చెప్పాలి.

ఆటలు పూర్తిగా మానేయాలా? అందరూ మానక్కర్లేదు. ఒకప్పుడు అన్నింటికీ వద్దనేవారు. ఇప్పుడు ఒక మోస్తరు వ్యాయామం హెచ్‌సీఎం ఉన్నవాళ్లకూ మేలే అంటున్నారు. జీన్‌లో మార్పు ఉండి, గుండె ఇంకా మామూలుగానే ఉన్న పిల్లాడు ఆటలు ఆపాల్సిన పని సాధారణంగా ఉండదు. సంక్రాంతి కబడ్డీ పోటీలకు దిగాలా వద్దా అన్నది మాత్రం కార్డియాలజిస్ట్ పరీక్షించి చెప్పాలి. అరిథ్మోజెనిక్ రకంలో మాత్రం కఠినమైన ఆటలకు దూరంగా ఉండాల్సిందే.

హెచ్‌సీఎం ఉన్న ఆడవాళ్లలో చాలామందికి కాన్పు సాఫీగానే జరుగుతుంది. గర్భం రాకముందే కార్డియాలజిస్ట్‌ను కలవాలి, పెద్ద ఆసుపత్రిలోనే కాన్పు చేయించుకోవాలి.

పెళ్లి సంబంధం చెడిపోతుందా? ఇన్సూరెన్స్ రాదా?

చాలా ఇళ్లు టెస్ట్‌కు వెనకాడేది జబ్బు భయంతో కాదు. "రిపోర్ట్ బయటికొస్తే అమ్మాయికి సంబంధం ఎలా కుదురుతుంది?" అన్న భయంతో. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ ఒక విషయం ఆలోచించాలి. రిపోర్ట్ చూడకపోతే జీన్ మారిపోదు. తెలియకుండా పెళ్లై, కాన్పు సమయంలోనో ఆ తర్వాతో బయటపడితే ఆ అమ్మాయికే ఎక్కువ నష్టం. పైగా ఆమెకు ఆ మార్పు లేకపోవడానికి కూడా సగం అవకాశం ఉంది. అది తెలుసుకునే దారి టెస్ట్ ఒక్కటే. రిపోర్ట్ ఆమె సొంత విషయం. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఆమెది. డాక్టర్లు గోప్యంగా ఉంచాలి.

ఇన్సూరెన్స్ విషయంలో తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. హెచ్‌సీఎం ఉన్న ఓ వ్యక్తికి "ఇది జన్యుపరమైన జబ్బు" అంటూ బీమా క్లెయిమ్ తిరస్కరించారు. ఆ కేసులో 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. జన్యు జబ్బులు అనే ఒకే ముద్ర వేసి అన్నింటినీ పాలసీ నుంచి తప్పించడం వివక్షేనని, రాజ్యాంగంలోని సమానత్వ హక్కుకు విరుద్ధమని చెప్పింది. ఆ తర్వాత కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈలోగా 2018 మార్చిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, కొత్త ఆరోగ్య పాలసీల్లో జన్యు జబ్బులను మినహాయింపుల జాబితాలో పెట్టొద్దని కంపెనీలకు చెప్పింది. పాలసీ తీసుకునేటప్పుడు ఉన్న జబ్బును దాచకండి. దాస్తే ఆ కారణంతోనే క్లెయిమ్ ఆగిపోవచ్చు.

కళ్లముందు ఎవరైనా కుప్పకూలితే

పిలిచినా పలకడం లేదు, ఊపిరి సరిగ్గా లేదు అంటే నీళ్లు చల్లుతూ, అరికాళ్లు రుద్దుతూ సమయం పోగొట్టొద్దు. ఒకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా గట్టిగా నొక్కాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. అలసిపోతే పక్కవాళ్లు అందుకోవాలి. తిరువూరు నుంచి నెమలికి బండి వచ్చేలోపు ఆ మనిషికి మీ చేతులే గుండె.

మళ్లీ ఆ ఇంటికే వస్తే..

మనం అనుకున్న కుటుంబంలో కొడుకూ, కూతురూ, బాబాయి, మేనత్త నలుగురూ ఒక రోజు కూలి మానుకుని ఎకో తీయించుకున్నారనుకోండి. ఎవరికీ ఏమీ లేకపోతే నిశ్చింతగా నిద్రపోతారు, మళ్లీ ఎప్పుడు రావాలో తెలుసుకుంటారు. ఒకరికి ఉందని తేలితే బాధే. కానీ ఆ ఒక్కరికి మందు మొదలవుతుంది, అవసరమైతే యంత్రం పెడతారు, మిగిలినవాళ్లకు దారి తెలుస్తుంది. వాళ్ల నాన్నకు దొరకని అవకాశం అది.

మీ ఇంట్లోనో, మీ చుట్టాల్లోనో 50 ఏళ్లలోపు హఠాత్తుగా గుండె ఆగి పోయినవాళ్లు ఉన్నారా? ఈ ఆదివారం పెద్దవాళ్లను అడిగి ఆ కాగితం మీద పేర్లు రాయడం మొదలుపెట్టండి. సోమవారం ఈసీజీకి వెళ్లండి.